జాంబీ కనిపించగానే నవ్వు వస్తోందా? తొలి దృశ్యానికి సమస్య - పరిష్కారం

విశాఖలో జాంబీ సినిమా తీసే విద్యార్థి బృందాల కోసం ఈ సూచనలు. జాంబీ అంటే చచ్చి లేచి తిరిగే శవం.

సమస్య: జాంబీ తెర మీదికి రాగానే ప్రేక్షకులు నవ్వుతున్నారు.

కారణం: మేకప్ కుదరలేదని విద్యార్థి బృందాలు వెంటనే తీర్మానించుకుంటాయి గాని, లోపం తరచుగా అంతకుముందు షాట్లలోనే ఉంటుంది. మామూలు జీవితం ఎలా సాగుతోందో చూపకముందే శవాన్ని ఎదురుగా, పూర్తి వెలుతురులో నిలబెడితే, ప్రేక్షకుడికి వేషం వేసుకున్న స్నేహితుడే కనిపిస్తాడు. జార్జ్ రొమేరో 1968లో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’లో, తండ్రి సమాధి దగ్గరకు వచ్చిన అన్నాచెల్లెళ్లు మాట్లాడుకుంటూ ఉండగా దూరాన ఒక మనిషి కనిపిస్తాడు, అతణ్ని వాళ్లలాగే మనమూ దారిన పోయేవాడనుకుంటాం. ఇలా మామూలు జీవితాన్ని ముందు చూపడమే ఈ తరహా సినిమాల (జానర్) ఆనవాయితీల్లో ముందుగా నేర్చుకోవలసిందని నా అభిప్రాయం.

పరిష్కారం: విశాఖ పాత పోస్టాఫీసు వైపు ఒక సందులో, తెల్లవారుజామున టిఫిన్ బండి పెట్టండి. ఇడ్లీ పాత్ర మూత తీస్తున్న ఆమె, ఎదుట నిలబడ్డవాణ్ని చూడకుండానే “ఏటి బాబూ, ఎన్ని ప్లేట్లు?” అని అడుగుతుంది. జవాబు రాదు. ఫ్రేము అంచున అతని చెయ్యి మాత్రమే కనిపిస్తుంది. వేళ్లకు ఆవిరి కొడుతున్నా ఆ చెయ్యి వెనక్కి జరగదు. చెయ్యిని కెమెరాకు దగ్గరగా, పాత్రను బాగా వెనకగా ఉంచి తీస్తే నటుడికి నిజంగా ఆవిరి తగలనక్కరలేదు. ఈ శరీరానికి నొప్పి తెలియదన్న నియమం ఆ ఒక్క షాటుతోనే అర్థమవుతుంది కనుక, శవాలు ఎందుకు లేచాయో టీవీ వార్తల ద్వారా వైరస్ కథంతా చెప్పించే అవసరం ఉండదు.

సమస్య: నిర్మానుష్యంగా కనిపించవలసిన నగరం అలా కనిపించడం లేదు.

కారణం: జనం లేని లండన్‌ను చూపిన ‘28 డేస్ లేటర్’ చిత్రం కోసం లండన్ వీధులను వేకువనే, కాసేపు వాహనాలను ఆపించి చిత్రీకరించారు. మనకు ఆ వీలు లేదు. పైగా విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లవారకముందే నడకకు వచ్చేవారు ఉంటారు.

పరిష్కారం: వీధంతా కనిపించే వైడ్ షాటు ఆశ మానుకొని, ఫ్రేమును ఇరుకు చేయండి. సగం దించిన దుకాణం షట్టరు, రోడ్డు మీద పడి ఇంకా ఇండికేటరు వెలుగుతున్న స్కూటరు చాలు. నెత్తుటి బట్టలతో నటులు వీధిలో తిరుగుతారని స్థానిక పోలీసులకూ చుట్టుపక్కల వారికీ ముందే చెప్పడం మరవకండి. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు నౌకాదళ స్థావరాల మీదికి కెమెరా తిప్పవద్దు.

సమస్య: జాంబీ కుదుపుగా కదలాలని కెమెరా షటర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) పెంచితే, అంటే ఆ సమయాన్ని తగ్గిస్తే, ట్యూబులైటు కింద తెర మీద చారలు పాకుతున్నాయి.

కారణం, పరిష్కారం: మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కావడంతో పాత తరహా చోకుతో వెలిగే ట్యూబులైట్ల కాంతి సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. అక్కడ షటర్‌ను 1/50 లేదా 1/100 సెకను దగ్గరే ఉంచండి, అంతకంటే వేగం పెంచకండి. కుదుపు షాట్లను పగటి వెలుతురుకు ఉంచుకోండి.

సమస్య: సముద్రపు గాలి మాటలను మింగేస్తోంది.

పరిష్కారం: మైకుకు బొచ్చు తొడుగు వేయండి, మాటలను తర్వాత డబ్ చేయండి, అలల హోరును మాత్రం విడిగా కొన్ని నిమిషాలు రికార్డు చేసుకోండి. ఆ హోరును దృశ్యమంతా వినిపించి, చెయ్యి కదలని ఆ షాటు దగ్గర ఒక్కసారిగా తీసేస్తే, ఏ భయానక సంగీతమూ ఇవ్వలేని బిగువు వస్తుంది.

సమస్య: రక్తం షర్బత్‌లా ఉంది.

పరిష్కారం: చిక్కటి పంచదార పాకంలో వంటకు వాడే ఎర్ర రంగుతో పాటు కొద్దిగా కోకో పొడి కలపండి.