మిర్యాలగూడ బ్యాండ్ షాపు నుంచి జాజ్ డిగ్రీకి: ఏం నేర్చుకుని వెళ్ళాలి

మా నాయినది మిర్యాలగూడలో బ్యాండ్ మేళం. ఆయన క్లారినెట్, చిన్నాయన ట్రంపెట్. ఇంటి కింది గది నిండా యూఫోనియంలు, సైడ్ డ్రమ్ములు, జరీ అంచుల ఎర్ర కోట్లు. నేను ఆల్టో సాక్సోఫోన్ పట్టుకున్నది పదకొండేళ్ళప్పుడు, ఆషాఢంలో. ఆ నెల పెళ్ళిళ్ళు ఉండవు, బ్యాండ్‌కు గిరాకీ ఉండదు. నాతో కూర్చోవడానికి నాయినకు తీరిక దొరికేది అప్పుడే. ఆ తర్వాత అమెరికాలో నాలుగేళ్ళు జాజ్ పర్ఫార్మెన్స్‌లో బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్ చదివాను. ఇప్పుడు ఇంటికి వచ్చినప్పుడల్లా దేవరకొండ నుంచో సూర్యాపేట నుంచో ఎవరో ఒకరు వచ్చి, "అక్కా, అసలు ఎట్ల మొదలువెట్టాలె?" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

బ్యాండ్ ఇంట్లోనో, చర్చి క్వయర్‌లోనో పెరిగినవాళ్ళకు యూనివర్సిటీ అనగానే టెన్షన్ పట్టుకుంటుంది. అక్కడివాళ్ళంతా పుస్తకాలు చదివి వచ్చారు, మనకేం రాదు అనుకుంటారు. అమెరికాలో జాజ్‌కు మొదటి డిగ్రీ కోర్సు పెట్టింది 1947లో, టెక్సస్‌లో. ఆ కాలేజీనే ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ అంటున్నారు. అంతకుముందు ఈ సంగీతానికి బడి అంటే న్యూ ఆర్లీన్స్ వీధులే. ఊరేగింపులకూ శవయాత్రలకూ నడుస్తూ వాయించే బ్రాస్ బ్యాండ్లలో నేర్చుకునేవాళ్ళు. పేరుమోసిన జాజ్ ట్రంపెటర్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కుర్రతనంలో అలాంటి బ్యాండ్లలో వాయించినవాడే. రోడ్డు మీద నడుస్తూ, జనం అడిగిన పాటను అప్పటికప్పుడు అందుకుని వాయించడం ఎంత పెద్ద విద్యో అక్కడి ప్రొఫెసర్లకు బాగా తెలుసు. మనకు లేనివి రెండు: కార్డ్స్ (అంటే కొన్ని స్వరాలను ఒకేసారి కలిపి వాయించడం), కాగితం చూసి వాయించడం. ఆ రెండూ ఇక్కడే, వెళ్ళేముందే నేర్చుకోవచ్చు.

ముందు లయ సంగతి. జాజ్‌లో ఎయిత్ నోట్స్, అంటే దెబ్బకు రెండు చొప్పున పడే స్వరాలు, కాగితం మీద సమానంగా రాసి ఉంటాయి, కాని సమానంగా వాయించరు. దాన్నే స్వింగ్ అంటారు. "తకిట తకిట" అని నోటితో అనండి. ఇప్పుడు మధ్యలో "కి" మింగేసి, దాని చోటు మాత్రం ఉంచండి: త—ట, త—ట. ఒక మోస్తరు వేగంలో స్వింగ్ దాదాపు ఇదే. మన తీన్మార్‌లో ఉన్నదీ ఈ మూడు ముక్కల నడకే కాబట్టి బరాత్ ముందు ఎగిరిన ప్రతివాళ్ళ కాళ్ళలో ఇది ముందే ఉంది. తేడా బరువు పడే చోట. తీన్మార్ నేల మీదికి దిగుతుంది. జాజ్‌లో నాలుగు దెబ్బల్లో రెండోది, నాలుగోది తేలి వినిపిస్తాయి, డ్రమ్మర్ కాలితో హై-హ్యాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే తాళాల జత) మూసేది అక్కడే. మెట్రోనోమ్‌ను (వేగం తప్పకుండా టిక్కులు కొట్టేది) నిమిషానికి 60 టిక్కుల్లో పెట్టి, ఆ టిక్కుల్ని రెండు, నాలుగు అనుకుని వాయించండి. అప్పుడు పాట వేగం 120 అవుతుంది. మొదట్లో అంతా తలకిందులుగా ఉంటుంది, నాకు కుదరడానికి పదిహేను రోజులు పట్టింది. ఇంకో మాట: వేగం బాగా పెరిగేకొద్దీ ఈ త—ట తేడా తగ్గుతూ దాదాపు సమానమైపోతుంది. అక్కడ బలవంతంగా ఊపకండి.

తర్వాత చెవి. నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దీన్నే. చిన్నప్పుడు కొత్త పాట వినగానే సాక్స్ అందుకోబోతే నాయిన చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "ముందుగాల ఇను బిడ్డా. నోటికి వచ్చినంక సాక్స్ వట్టు." యూనివర్సిటీలో మొదటి వారం మా సాక్సోఫోన్ టీచర్ కూడా ఇదే మాట ఇంగ్లీషులో చెప్పాడు. దీన్ని వాళ్ళు ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. ఆ పేరు విని, ఇదేదో రాసే పని అనుకుంటారు గాని, అసలు పని పాడటం.

సోలో అంటే పాట మధ్యలో ఒక్కరే అప్పటికప్పుడు అల్లి వాయించే భాగం. మొదటి సోలోగా 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ "సో వాట్"లో ఆయన ట్రంపెట్ సోలో తీసుకోండి. 64 బార్లు (బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ఆవర్తం), గాభరా లేని వేగం. డీ, ఈ, ఏ లాంటివి స్వరాలకు ఇంగ్లీషు పేర్లు, ఫ్లాట్ అంటే అర స్వరం తగ్గించినది. పాట మొత్తానికి ఉన్నది రెండే స్కేళ్ళు: 16 బార్లు డీ డోరియన్, 8 బార్లు అర స్వరం పైన ఈ (E) ఫ్లాట్ డోరియన్, మళ్ళీ 8 బార్లు డీ డోరియన్. డోరియన్ స్వరాలంటే మన ఖరహరప్రియ స్వరాలే. ఖరహరప్రియ పాడుతూ మధ్యలో శ్రుతి అర స్వరం పెంచి, మళ్ళీ కిందికి దించినట్టన్నమాట. నేను చేసిన పద్ధతి చెబుతాను. నాలుగైదు సెకన్ల ముక్క ఒకటి తీసుకుని ఇరవైసార్లు విన్నాను. అందకపోతే యూట్యూబ్‌లో సగం వేగం పెట్టుకున్నాను. రికార్డుతో కలిసి పాడాను, తర్వాత రికార్డు ఆపేసి పాడాను. మైల్స్ వదిలిన ఖాళీలను కూడా దాటేయకుండా, ఎన్ని దెబ్బలో చప్పట్లతో లెక్కపెట్టాను. ఆయన సోలోలో సగం అందం ఆ ఖాళీల్లోనే ఉంది. తడబడకుండా పాడగలిగాకే సాక్స్ మీద వెతుక్కున్నాను. కాగితం మీద రాసింది అన్నిటికంటే చివర. మొత్తం సోలోకు నెలన్నర పట్టింది. ఇంటర్నెట్‌లో రాసి పెట్టినవి దొరుకుతాయి, వాటి జోలికి పోకండి. ఆడిషన్‌లో ఎదుటివాళ్ళు పియానో మీద ఒక ముక్క వాయించి, తిరిగి వాయించమంటారు. అప్పుడు ఆదుకునేది ఈ నెలన్నరే. ఇది అయ్యాక ఆల్టో సాక్సోఫోన్ వాయించిన చార్లీ పార్కర్ "నౌజ్ ద టైమ్" వినండి. 1945 నాటి 12 బార్ల బ్లూస్, అంటే 12 బార్ల చుట్టు మళ్ళీ మళ్ళీ తిరిగే పాట.

ఇక కార్డ్స్. బ్యాండ్ మేళంలో పదిమందీ ఒకే పాట ఒకే వరసలో ఊదుతాం. అందుకే పాట కింద నడిచే హార్మనీ మన చెవికి అలవాటుండదు. దీనికి మందు కీబోర్డ్. ఎక్కడ దొరికితే అక్కడ, నేనైతే ఆదివారం ప్రార్థన అయ్యాక మా పక్క వీధి చర్చిలో కూర్చునేదాన్ని. డీ మైనర్ సెవెన్, జీ సెవెన్, సీ మేజర్ సెవెన్: జాజ్ పాటల్లో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే వరస ఇది. మొత్తం కార్డ్ నొక్కకుండా రెండేసి స్వరాలే నొక్కి చూడండి. మొదటిదాంట్లో ఎఫ్, సీ. జీ సెవెన్‌కు వెళ్ళగానే ఎఫ్ కదలదు, సీ ఒక్క మెట్టు దిగి బీ అవుతుంది. సీ మేజర్ సెవెన్‌కు రాగానే బీ కదలదు, ఎఫ్ దిగి ఈ (E) అవుతుంది. అంతే, రెండు వేళ్ళు వంతులవారీగా అర స్వరం దిగాయి. ఆ దిగడాన్ని పాడగలిగిన రోజు సోలోలో ఎక్కడ వాలాలో దానంతటదే తెలుస్తుంది. ఇలా పన్నెండు శ్రుతుల్లోనూ చేయాలి. వెళ్ళాక జాజ్ వాళ్ళందరికీ, ఏ వాయిద్యమైనా, పియానో పరీక్ష ఉండటం మామూలే కాబట్టి ఈ కష్టం ఎటూ పోదు.

చదవడం గురించి పెద్దగా చెప్పేది లేదు. నాయిన నోట్‌బుక్‌లో పాటలు సరిగమల్లో, తెలుగు అక్షరాల్లో ఉండేవి. నేను వాటినే ఐదు గీతల మీద ఎక్కించుకుంటూ నేర్చుకున్నాను. రోజుకు పదిహేను నిమిషాలు, ఎప్పుడూ చూడని పేజీ, మధ్యలో ఆగకుండా. తప్పు పోతే పోనీ, లయ మాత్రం పోకూడదు.

అప్లికేషన్ దగ్గరికి వస్తే, చాలా చోట్ల ముందు ప్రీస్క్రీన్ వీడియో, అంటే ఆడిషన్‌కు పిలవాలో వద్దో తేల్చుకోవడానికి చూసేది, అడుగుతారు. ఒక బ్లూస్, ఒక నెమ్మది పాట, ఒక వేగం పాట, ఒక్కోచోట మీరు ట్రాన్స్‌క్రైబ్ చేసిన సోలో. గడువు ఎక్కువగా నవంబరులోనో, డిసెంబరు 1కో ఉంటుంది. అంటే కార్తీకం పెళ్ళిళ్ళతో బ్యాండ్ ఇళ్ళలో నిమిషం తీరిక ఉండని రోజులు. దసరాకల్లా రికార్డింగ్ పూర్తి చేసుకోండి. నేను మొదట ఖాళీగా ఉన్న ఫంక్షన్ హాల్లో తీశాను. ఎకో కమ్మేసి ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. రెండోసారి కింది గదిలో దండేలు కట్టి, బొంతలు వేలాడదీసి, ఫోన్‌ను ఆరడుగుల దూరంలో పెట్టి తీశాం. అదే పనికొచ్చింది. ఎడిటింగ్ చేయకండి, ఒక్క టేక్‌లో ఉండాలి. జనవరి–మార్చి మధ్య అసలు ఆడిషన్. ఆన్‌లైన్‌లో ఒప్పుకుంటే వాళ్ళ తూర్పు తీరం ఉదయం పది మనకు రాత్రి ఎనిమిదిన్నర, మార్చి రెండో ఆదివారం నుంచి ఏడున్నర. ఆ సాయంత్రం వీధిలో డీజే లేని ఇల్లు చూసుకోండి.

డబ్బు విషయం ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడండి. స్కాలర్‌షిప్ ఎంత ఇస్తారో చేతికి రాకుండా నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, మీరూ పెట్టకండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయనిస్తారు. డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే అక్కడే ఉండి చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, 12 నెలలే, ఇంజినీరింగ్ వాళ్ళకు వచ్చే పొడిగింపు మనకు రాదు. తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి పీజీ, పీహెచ్‌డీలకు, బ్యాచిలర్స్‌కు కాదు. జర్మనీ కూడా చూడండి. అక్కడ చాలా ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటివాళ్ళకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. కాని క్లాసులు ఎక్కువగా జర్మన్‌లోనే, భాష నేర్చుకోక తప్పదు.

చేరిన తర్వాత నాకు తగిలిన మొదటి దెబ్బ చెబుతాను. కాంబోలకు, అంటే కలిసి వాయించే చిన్న జట్లకు, ఎంపిక చేసే రోజు, పియానో దగ్గరున్న టీచర్ "బ్లూస్ ఇన్ ఎఫ్" అని వేగం లెక్కపెట్టాడు. నేను ఎఫ్‌లో అందుకున్నాను. ఆల్టో సాక్స్ ఈ (E) ఫ్లాట్ వాయిద్యం, నేను ఎఫ్ వేలితో ఊదితే గదిలో వినిపించేది ఏ (A) ఫ్లాట్. పియానో ఒక శ్రుతిలో, నేను ఒక శ్రుతిలో. ఇంట్లో నాయిన "ఈడికెల్లి అందుకో" అని వాయించి చూపేవాడు గాని శ్రుతి పేరు ఎన్నడూ చెప్పలేదు, నాకు ఆ అవసరం రాలేదు. పియానో ఎఫ్ అంటే ఆల్టోకు డీ, సీ అంటే ఏ (A), బీ ఫ్లాట్ అంటే జీ. టెనర్ సాక్స్‌కూ ట్రంపెట్‌కూ లెక్క వేరు, వాళ్ళకు ఎఫ్ అంటే జీ. పేరు వినగానే వేళ్ళు కదిలేదాకా దీన్ని ఇక్కడే, బస్సులో కూర్చుని కూడా, నోటికి నేర్చుకోండి. ఆ ఏడాది నన్ను అన్నిటికంటే కింది కాంబోలో వేశారు. రాత్రి హాస్టల్‌కు వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. రెండో సెమిస్టర్ చివర జ్యూరీలో, అంటే టీచర్ల ముందు వాయించే పరీక్షలో, పై కాంబోకు మార్చారు.

మూడో ఏడు, నాలుగో ఏడు రిసైటల్స్, అంటే మన సొంత కచేరీలు, ఉంటాయి. హాలు తారీఖులు తొందరగా అయిపోతాయి, సెమిస్టర్ మొదలవగానే పేరు రాయించుకోండి. నా చివరి రిసైటల్‌లో బరాత్‌లో నాయిన ఊదే ఒక వరసకు సాక్స్, ట్రంపెట్, ట్రాంబోన్ భాగాలు రాసి పెట్టాను. మా డ్రమ్మర్ చాలా గట్టివాడు, కాని కాగితం చూసి తీన్మార్ వాయిస్తే ఎంతకీ కుదరలేదు. మూడో రిహార్సల్‌లో నోట్స్ పక్కన పెట్టించి, నాయినకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. నాయిన నిద్ర గొంతుతోనే నోటితో దరువు చెప్పాడు, మంచం కోడు మీద వేళ్ళతో కొడుతూ. డ్రమ్మర్ కర్రలు కింద పెట్టి, నాలుగుసార్లు ఆయన వెంట నోటితో అన్నాడు. ఐదోసారి కర్రలు అందుకున్నాడు.