ప్రాజెక్టు రౌండులోనే పోతోందా? మీ 98 శాతాన్ని అనుమానించండి

డేటా సైన్స్ ఉద్యోగానికి రెజ్యూమె ఎంపికవుతుంది, ఆన్‌లైన్ పరీక్ష గట్టెక్కుతుంది, ప్రాజెక్టు గురించి మాట్లాడిన రౌండు తర్వాత మాత్రం మెయిల్ రాదు. మాక్ ఇంటర్వ్యూల కోసం బ్రాడీపేటలో మా ఇంటికొచ్చే పిల్లల్లో ఎక్కువమందిది ఇదే బాధ. "నా ఇంగ్లీషు వల్లేనేమో సార్" అంటారు. చాలాసార్లు అది కాదు.

పరీక్షలోనే పోతుంటే: ఎస్‌క్యూఎల్ (డేటాబేసుని ప్రశ్నలడిగే భాష) చూసుకోండి. లెఫ్ట్ జాయిన్ (ఎడమ టేబుల్ వరసలన్నీ ఉంచే జోడింపు) రాసి, కుడి టేబుల్ షరతుని వేర్‌లో పెడితే అది ఇన్నర్ జాయిన్ అయిపోతుంది, జత దొరకని వరసలు రాలిపోతాయి. షరతు ఆన్‌లోకి మార్చండి. విండో ఫంక్షన్లు (వరసల్ని కలిపేయకుండానే వాటి మీద లెక్కలు కట్టేవి) చేత్తో రాసి నేర్చుకోండి. ఇక్కడికిది చాలు.

ప్రాజెక్టు దగ్గర పోతుంటే

లక్షణం: "ఆర్ స్క్వేర్ 0.98 సార్" అంటారు (మోడల్ అంచనా ఎంత బాగా కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే పక్కాగా కుదిరినట్టు). అవతలి వాళ్ళు "స్ప్లిట్ ఎలా చేశారు?" అని అడుగుతారు. మీరు "80, 20" అంటారు, అంటే 80 శాతం డేటా మోడల్‌కి నేర్పడానికి (ట్రెయిన్), 20 శాతం పరీక్షించడానికి (టెస్ట్). అక్కణ్ణించి ప్రశ్నలు తగ్గిపోతాయి.

కారణం: డేటా లీకేజీ, అంటే అంచనా వేసే వేళకి తెలియకూడని సంగతి మోడల్‌కి ముందే అందిపోవడం. మనవాళ్ళు ఇష్టంగా చేసే గుంటూరు మిర్చి యార్డు ధరల ప్రాజెక్టే తీసుకోండి. సైకిట్ లెర్న్‌లో (మోడళ్ళు కట్టే పైథాన్ లైబ్రరీ) ట్రెయిన్ టెస్ట్ స్ప్లిట్‌కి మనమేమీ చెప్పకపోతే వరసల్ని కలగలిపేసి విడగొడుతుంది. 12వ తేదీ ధర టెస్టులో పడితే 11, 13 తేదీలవి ట్రెయినింగులో ఉంటాయి. ఆ రెండూ తెలిశాక మధ్యలోది ఎవరైనా చెబుతారు. 12న యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుకున్న రైతుకి మాత్రం 13వ తేదీ ధర తెలీదు కదా!

ఇంకో చిల్లు, మోడల్‌కి ఇచ్చే ఏడు రోజుల సగటు ధర. పాండాస్‌లో (డేటా టేబుళ్ళ పైథాన్ లైబ్రరీ) ఈ సగటు కట్టే రోలింగ్ మామూలుగా ఆ రోజు ధరని కూడా కలుపుకుంటుంది. అంటే జవాబునే ప్రశ్నలో పెట్టి ఇచ్చినట్టు.

నాకిది ఒక ఇంటర్వ్యూలోనే తెలిసింది. ఇంటర్వ్యూ చేసినావిడ అడిగింది ఒక్కటే: "నిన్నటి ధరే ఇవాళా ఉంటుందనుకుంటే ఎంత తప్పొస్తుంది?" ఆ లెక్క నేనెప్పుడూ వేయలేదు. ఇంటికొచ్చి తేదీల ప్రకారం విడగొట్టి చూస్తే, నా మోడల్ కన్నా నిన్నటి ధరే నయంగా ఉంది. రెండు నెలల పని అది. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా మొదట అదే అడుగుతాను. పది నిమిషాల లెక్క, అయినా వేసుకుని వచ్చేవాళ్ళు అరుదు.

పరిష్కారం: డేటాని తేదీ వరసలో పెట్టి, ఆఖరి సీజన్ మొత్తాన్ని టెస్టుకి పక్కన పెట్టండి. ట్రెయినింగు లోపల పరీక్షించుకోడానికి టైమ్ సిరీస్ స్ప్లిట్ (ఎప్పుడూ ముందు తేదీలతో నేర్పి తర్వాతి తేదీలతో పరీక్షించే పద్ధతి) వాడండి. సగటు కట్టే ముందు ధరల్ని ఒక వరస షిఫ్ట్ చేయండి, అంటే కిందికి జరపండి, అప్పుడు ఆ రోజు ధర ఆ రోజు సగటులో కలవదు. స్కేలర్‌ని (అంకెలన్నిటినీ ఒకే కొలతకి తెచ్చేది) ట్రెయిన్ భాగం మీదే ఫిట్ చేయండి. తేజ, 334 అనే మిర్చి రకాల ధరల్ని కలిపేయకండి, రకానికి రకం విడిగా షిఫ్ట్ అవ్వాలి. వారాంతాలూ వేసవి సెలవులూ ఉంటాయి కాబట్టి ఒక వరస వెనక్కంటే ఒక రోజు వెనక్కి అని కాదు, ఎన్ని రోజుల ఎడమో ఇంకో కాలమ్‌లో రాయండి. ఆ తర్వాత నిన్నటి ధరతో పోల్చండి.

0.98 పడిపోతుంది. పడనివ్వండి. ఎంత పడిందో, ఎందుకు పడిందో చెబితే ఆ రౌండు ముందుకి నడుస్తుంది.

ధరల ప్రాజెక్టు కాకపోయినా ఇదే తంతు. యూసీఐ (నేర్చుకునేవాళ్ళకి డేటా ఉచితంగా ఇచ్చే యూనివర్సిటీ సైటు) వారి బ్యాంక్ మార్కెటింగ్ డేటాలో, డిపాజిట్ చేయమని బ్యాంకు చేసిన కాల్ ఎంతసేపు సాగిందో చెప్పే కాలమ్ ఉంది. కాల్ ముగిస్తే గానీ తెలియని సంగతి అది, తీసేయాలి. పైగా 45,211 మందిలో డిపాజిట్‌కి అవునన్నది 5,289 మందే. అందరికీ "కాదు" అని రాసేసినా ఆక్యురసీ (సరైన జవాబుల శాతం) 88 శాతం దాటుతుంది.

నెట్ ఆగిపోవడం, బీటెక్ శాతం, రెజ్యూమె ఫాంటు లాంటివాటి వల్ల పోవడం అరుదు, వాటి మీద బుర్ర పెట్టకండి.

అన్నీ దాటి హెచ్ఆర్ దగ్గర ఆగితే, హైదరాబాదో బెంగళూరో వెళ్ళాలంటే ఏమనాలో ఇంట్లో ముందే మాట్లాడుకుని వెళ్ళండి. అక్కడ "అడిగి చెబుతానండీ" అంటే ఆ ఖాళీ ఇంకొకరికి వెళ్ళిపోతుంది.