హనుమకొండలో రయట్ గర్ల్‌పై ఒక జీన్ తయారుచేసే విధానం

రయట్ గర్ల్ అనే ఫెమినిస్టు పంక్ (తిరుగుబాటు ధోరణి గల రాక్) సంగీతోద్యమంపై విద్యార్థినులు కొందరు కలిసి ఒక జీన్, అంటే చేత్తో రాసి, కత్తిరించి, అతికించి జిరాక్సు తీసే చిన్న పత్రిక, వేయదలిస్తే ముందుగా కాలక్రమాన్ని సరిచూసుకోవాలి. రయట్ గర్ల్ 1991లో అమెరికాలోని ఒలింపియా, వాషింగ్టన్ డి.సి. నగరాల్లో రూపుదిద్దుకుంది, బికినీ కిల్, బ్రాట్‌మొబైల్ వంటి బృందాల యువతులు పాటలతో పాటు ఇటువంటి పత్రికలనూ పంచుకుంటూ లైంగిక హింస గురించి బాహాటంగా మాట్లాడారు.

ఎక్కువ పుటలు ఆ ఉద్యమపు మాటలు సరుకుగా మారిన తీరుకే, అంటే వ్యాపారీకరణకే కేటాయించండి. బికినీ కిల్ తమ జీన్‌కు పెట్టుకున్న ‘గర్ల్ పవర్’ (ఆడపిల్లల శక్తి) అనే మాట, 1996 తరువాత స్పైస్ గర్ల్స్ అనే బ్రిటిష్ పాప్ బృందపు నినాదమై, బొమ్మల మొదలు పెప్సీ ప్రకటనల వరకు సరుకులమ్మే సాధనమైంది. అయితే స్పైస్ గర్ల్స్‌ను దోషిగా నిలబెట్టి ఊరుకోవడం సోమరితనమే అవుతుంది, ఎందుకంటే మూల ఉద్యమం కూడా ప్రధానంగా తెల్లజాతి మధ్యతరగతి యువతులదేనన్న విమర్శను ఎదుర్కొంది. నాటి జీన్‌లు నేడు న్యూయార్క్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయన్నది వారసత్వపు మరో కోణం.

ఒక పుటలో స్థానిక ప్రశ్న ఉండాలి: వేయి స్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆడే స్త్రీలను కలిసి, వారు నోటితో పాడుకునే పాటలు వీడియోలుగా మారినప్పుడు పేరు, డబ్బు ఎవరికి చేరుతున్నాయని అడిగి, వారి అనుమతితోనే జవాబులు అచ్చువేయండి.

నల్ల సిరాతో రాసి, జిరాక్సులో అక్షరాలు తెగకుండా నాలుగువైపులా అంచు వదలండి. వెల పెట్టవలసి వస్తే జిరాక్సు ఖర్చుకు మించనివ్వకండి.