డ్యామ్ కడతారంటే ముందు ఏం చూడాలి, ఎవర్ని అడగాలి

వైజాగ్‌లో ఉన్నోళ్ళకి కరెంటు పోతేనే గుర్తొస్తుంది గానీ మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి మనకి కరెంటిస్తానే ఉంది, సీలేరు కూడా, వాటి వెనకాల ఏజెన్సీలో మునిగిన భూములున్నాయి. ఇప్పుడు కొత్తది ఏదైనా వస్తుందంటే ఇలా చూడండి.

ముందు ఈఐఏ రిపోర్టు, అంటే పర్యావరణం మీద ప్రభావం అంచనా వేసిన రిపోర్టు తీసుకోండి, ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, కలెక్టరాఫీసులో కాపీ ఉంటుంది. మెగావాట్లు తర్వాత, ముంపు ఎన్ని ఎకరాలో ముందు చూడండి. పోడు చేసుకునేవాళ్ళని లెక్కలో రాశారా లేదా అన్నది అసలు పాయింటు, ఎందుకంటే పట్టా లేకపోయినా మూడేళ్ళుగా ఆ భూమి మీద బతికే కుటుంబం కూడా 2013 భూసేకరణ చట్టం ప్రకారం బాధిత కుటుంబమే, షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ఒప్పుకోవాలి కూడా.

తర్వాత పాడేరు బస్సెక్కి ఊళ్ళోకి వెళ్ళండి. "ఎంతిచ్చారు తాతా" అని మొదలెట్టకండి, అడ్డాకులు, కొండచీపుర్లు, చింతపండు ఎక్కణ్ణుంచి తెచ్చేవారో అడగండి, డబ్బుల లెక్కలో అవే పోతాయి. నాకో పెద్దాయన నీళ్ళ మధ్యకి చెయ్యి చూపించి "అక్కడే మా చింతచెట్టు" అన్నాడు, ఇప్పటికీ ఆ చెయ్యే కనబడుతుంది నాకు.

డ్యామ్ కింద ఊళ్ళు మాత్రం వదలకండి. టర్బైన్ తిప్పినప్పుడే నీళ్ళొస్తే చేపలు గుడ్లు పెట్టే చోటు ఎండిపోద్ది, ఒండ్రు పైనే ఆగిపోద్ది. మునిగిన చెట్లు గాలి తగలక కుళ్ళితే మీథేన్ అనే భూమిని వేడెక్కించే వాయువు వస్తుంది, కాబట్టి పొగ రాదు కదా క్లీన్ కరెంటే అంటే చెట్లు నరికి తీశారా అని తప్పకుండా అడగండి, ఆ ప్రశ్న రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.