ఒడ్డున నిలబడి సముద్రపు పవర్‌బోట్ పందెం చూడటం ఎలా

2018 నవంబరులో ప్రకాశం బ్యారేజీ ఎగువన జరిగిన ఎఫ్‌1హెచ్‌2ఓ (ఫార్ములా 1 తరహా పవర్‌బోట్ పందెం) పోటీలను పున్నమి ఘాట్ వద్ద చూసిన విజయవాడ, గుంటూరు వారికి పవర్‌బోట్ వేగం కొత్త కాదు. అయితే అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, అక్కడ ఫ్లోరిడా తీరంలో ఆఫ్‌షోర్ పందెం, అంటే సముద్రంలో జరిగే పవర్‌బోట్ పందెం, చూడదలచినవారు నది ఒడ్డు అలవాటును కొంత మార్చుకోవాలి. ఆఫ్‌షోర్ బోట్లు పెద్దవే అయినా అవి తిరిగే మేర మరీ పెద్దది కనుక, ఎటు చూడాలో ముందే తెలుసుకోని వారికి దూరాన ఎగిసే తెల్లటి నీటితుంపర తప్ప మరేమీ కనబడదు.

అందుచేత నిర్వాహకులు ఇచ్చే పందెపు పటాన్ని ముందే చూసి, మలుపు గుర్తుగా నీటిపై ఉంచే బోయాలలో తీరానికి దగ్గరగా ఉన్నదానికి ఎదురుగా చోటు చూసుకోవాలి. తిన్నని దారిలో వేగం మాత్రమే కనిపిస్తుంది. నా దృష్టిలో పందెం తేలేది మలుపులోనే. లోపలివైపు బోటుకు దారి తక్కువ, బయటివైపు బోటుకు ఎక్కువ; వెనుక వచ్చే బోటు ముందువారు కలచివేసిన నీటిలోనే తిరగాలి. నీటి అంచున నిలబడితే అలలు చూపునకు అడ్డుపడతాయి కాబట్టి మేడ మీది వరండా వంటి కాస్త ఎత్తైన చోటు మేలు. ఫ్లోరిడాలోని కోకో బీచ్ తూర్పు ముఖంగా ఉంది గనుక మధ్యాహ్నం దాటాక ఎండ వీపు మీద పడుతుంది. అదే రాష్ట్రంలో సారసోటాలోని లిడో బీచ్ పడమటి ముఖం కనుక సాయంకాలపు ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. బైనాక్యులర్స్ ఏడెనిమిది రెట్లు పెద్దదిగా చూపేవి చాలు. అంతకు మించినవి చేతి వణుకును కూడా పెద్దది చేసి చూపుతాయి.

కృష్ణలో బోట్లు ఇంజన్లు ఆపి జెట్టీ దగ్గర వరుసగా నిలిచి, దీపాలు ఆరగానే బయలుదేరాయి. సముద్రంలో అలా ఉండదు. అన్ని బోట్లూ పేస్ బోటు (పందెం మొదలయ్యేదాకా అందరినీ ఒకే వేగంతో నడిపించే బోటు) పక్కన వరుసగా కదులుతూ వస్తాయి. ఆ బోటులో పసుపు జెండా దిగి పచ్చజెండా లేచిన క్షణమే పందెం మొదలు.

చూడవలసిన అసలు నేర్పు కాక్‌పిట్‌లో ఉంది. ఎఫ్‌1హెచ్‌2ఓ బోటులో ఒక్కరే ఉంటారు. ఆఫ్‌షోర్ బోటులో సాధారణంగా ఒకరు స్టీరింగ్ పట్టగా, మరొకరు థ్రాటిల్ (ఇంజన్ వేగాన్ని పెంచి తగ్గించే మీట) నడుపుతారు. అల మీద నుంచి బోటు గాలిలోకి లేచినప్పుడు ప్రొపెల్లర్‌కు నీటి పట్టు తప్పుతుంది. ఆ క్షణంలో థ్రాటిల్ తగ్గించకపోతే ఇంజన్ అదుపు లేకుండా తిరిగి దెబ్బతింటుంది. అందుకే గాలిలో ఉన్నంతసేపు అణగి, నీటిని తాకగానే మళ్లీ పుంజుకునే ఇంజన్ శబ్దాన్ని చెవిపెట్టి వినండి. అయితే కిలోమీటరు దూరం నుంచి శబ్దం మనకు చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. గంటకు 250 కిలోమీటర్ల వేగంతో పోయే బోటు ఈలోగా 200 మీటర్లు దాటిపోతుంది. శబ్దం వచ్చిన చోట కాక, దానికి చాలా ముందు వెతకాలి.

సముద్రం నిశ్చలంగా ఉన్న రోజు పక్కపక్కన రెండు అడుగు భాగాలుండే కాటమరాన్ బోటుదే పైచేయి, ఎందుకంటే వాటి మధ్య దూరే గాలి బోటును పైకెత్తి నీటి ఒరిపిడి తగ్గిస్తుంది. అలలు రేగితే, వాటిని కోసుకుంటూ పోయే వీ ఆకారపు అడుగున్న బోటు నిలకడగా సాగుతుంది. కాబట్టి పందెం మొదలయ్యే ముందు కాసేపు నీటినే గమనించడం మంచిది. పలు తరగతుల బోట్లు ఒకేసారి పరుగెత్తడం కూడా ఉంటుంది. బోట్ల పక్కభాగాల మీది అంకెలు రాసుకుని ఉంచుకోకపోతే ఎవరు ఎవరితో పోటీపడుతున్నారో తెలియదు.

చెవులకు, ముఖ్యంగా పిల్లల చెవులకు, రక్షణ తప్పనిసరి. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు పిడుగుల వానలు తరచుగా వస్తాయి. ఉరుము వినబడగానే ఇసుక వదిలి పక్కా భవనంలోకి వెళ్లాలి. ఎర్రజెండా ఎగిరితే పందెం ఆగిందని అర్థం. అప్పుడు నీటిలోకి దిగకుండా, సహాయక బోట్లకు దారి వదిలి, నిర్వాహకుల ప్రకటన కోసం ఉన్నచోటనే వేచి ఉండాలి.