వేసవిలో కుందేళ్లు చూడి కట్టకపోతే మేం చేసింది

పరకాల దగ్గర మా ఇంటి వెనక రేకుల షెడ్డులో కుందేళ్లు, నాటుకోళ్లు పెంచుతున్నాం. మే ఎండల్లో ఎంత జత కట్టించినా ఒక్క కుందేలూ చూడి కట్టలేదు. పిల్లలకు ఒకటే టెన్షన్.

లోపం ఆడవాటిది కాదు. కుందేలుకు మనలా చెమట పట్టదు, ఒంట్లో వేడి చాలావరకు చెవుల నుంచే పోవాలి. రోజుల తరబడి ఎండ ముదిరితే మగదాని వీర్యం దెబ్బతింటుంది. కోలుకోవడానికి వారాలు పడుతుంది.

రేకుల మీద తాటికమ్మలు కప్పాం, పడమటి వైపు తడి గోనెసంచులు కట్టాం. అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం సీసాలు. వాటిలో నీళ్లు గడ్డకట్టించి, మధ్యాహ్నం పిల్లలు గూటికొకటి పెడతారు. కాసేపటికే కుందేలు చెవులు వెనక్కి వాల్చి, సీసాకు ఒళ్లు ఆనించి పడుకుంటుంది. ఒంటి మీద మాత్రం నీళ్లు పోయొద్దు.

వానలు బాగా పడి చల్లబడ్డాకే మళ్లీ జత కట్టించాం. ఆడదాన్నే మగదాని గూట్లోకి వదలాలి, లేకపోతే కొట్లాటే. చూడి సుమారు 31 రోజులు. 28వ రోజున ఎండుగడ్డి పరిచిన పెట్టె పెడితే, తల్లి తన బొచ్చు పీకి పరుచుకుని అందులోనే ఈనింది.