వీఆర్ కథలో యూజర్ ఎవరో, ఏఐ ఎవరో తెలిసేలా రాయడం

వర్చువల్ రియాలిటీలో నడిచే కథ అనగానే ఏఐకి నీలం మెరుపు, లోహపు గొంతు పెట్టేసి ఊరుకుంటారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. యూజర్‌కి బయట ఎక్కడో ఒళ్లు ఉంది, ఏఐకి లేదు. రూపం, కదలిక, మాట అన్నీ అక్కణ్ణుంచే రావాలి.

ముందు పరికరం ఏదో తేల్చుకోండి. కళ్లకి తగిలించుకునే మామూలు వీఆర్ హెడ్‌సెట్‌కి కచ్చితంగా తెలిసేవి మూడే: తల, రెండు చేతులు. మోచేతులు, నడుము, కాళ్లు సాఫ్ట్‌వేర్ ఊహించి గీసేవి. అందుకే జాయ్‌స్టిక్‌తో కదిలే అవతార్, అంటే లోపల యూజర్‌కి ఉండే బొమ్మ రూపం, నేలమీద జారుతున్నట్టు ఉంటుంది. చెయ్యి వీపు వెనక్కి పోతే కెమెరాకి అందదు, అవతార్ చెయ్యి గాల్లోనే బిగుసుకుపోతుంది. కుర్చీలో కూర్చున్నవాడు ఎత్తు సరిచేసుకోకపోతే గుంపులో పొట్టివాడైపోతాడు.

ఏఐకి ఈ తిప్పలు లేవు. దాని గుట్టు వేరేచోట బయటపడుతుంది. ఊరికే నిలబడ్డప్పుడు అదే భుజం కదలిక లూప్‌లో మళ్లీ మళ్లీ వస్తుంది. మాట్లాడేటప్పుడు మీరు ఆగారని రూఢి అయ్యాకే జవాబు మొదలవుతుంది. మనుషులైతే మధ్యలోనే అడ్డుపడతారు.

రాతలో ఇలా:

"రవి పిలవగానే ఇద్దరూ తిరిగారు. ఒకామె తల ముందు తిరిగింది, భుజాలు కాస్త ఆగి వచ్చాయి. రెండో ఆమె మొత్తంగా ఒక్కసారే తిరిగింది."

మొదటామె యూజర్, రెండో ఆమె ఏఐ. ఇంతే చాలు. సన్నివేశానికి ఒక గుర్తు, మహా అయితే రెండు. నాలుగైదు కుక్కితే అది హెడ్‌సెట్ మాన్యువల్ అవుతుంది.

మెదడుకి నేరుగా తీగ తగిలించే కథైతే కదలికలు పట్టుకోవడంలో వచ్చే ఈ ట్రాకింగ్ లోపాలు పనికిరావు. అప్పుడు బయటి ఆకలి, దాహం, నొప్పి లోపలికి రానివ్వండి.

రూపానికి మీ లోకపు నియమం ఒకటి ఉండాలి. 1982 నాటి 'ట్రాన్' సినిమాలో ప్రోగ్రాములకి రాసినవాళ్ల మొహాలే. 1992 నవల 'స్నో క్రాష్'లో పబ్లిక్ టెర్మినల్ (అందరూ వాడుకునే చవక కంప్యూటర్) నుంచి వర్చువల్ లోకంలోకి వచ్చినవాళ్లు గరుకైన నలుపు తెలుపుల్లో కనిపిస్తారు, అంటే జేబు బరువు కూడా ఒంటిమీదే తెలిసిపోతుంది. నియమం ఏదైనా సరే, మొదటి అధ్యాయంలో చూపించి చివరిదాకా తప్పకండి. ఎక్కువ కథలు చెడేది ఇక్కడే: మలుపు కోసం ఏఐకి ఉన్నట్టుండి దగ్గు తెప్పిస్తారు.

ఏఐ మనిషిలా నటించాలంటే మాత్రం లోపాలనే కాపీ కొట్టించండి. చేతి వణుకు తేలిగ్గా వస్తుంది. మరిచిపోయేది గది గోడలు: యూజర్ చెయ్యి చాచబోయి, బయట గోడ తగిలి, చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. ఏఐ ఎన్నడూ దేనికీ తగలదు.